తారీఖుల వరసలో తిట్లు

"ముట్టుకోకండి వదినగారూ! అది సాక్ష్యం."

"సాక్ష్యమైతే నిన్నటి నుంచి దీన్ని ఒక్కరూ తెరిచి చూడలేదేం, మరిదిగారూ? నేనొస్తానని ఆగారా?"

అంటూనే ఆవిడ బైండింగు ప్రెస్సు చక్రం తిప్పేసింది. ఇన్‌స్పెక్టరు పటపట పళ్లు కొరికాడు.

పన్నెండేళ్లు ఆస్పత్రిలో నర్సుగా చేసి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన ఆవిడను పోలీసులంతా సూదిమందు అంటారు. ముందు చల్లగా తుడుస్తుంది, తర్వాత గుచ్చుతుంది. ఇన్‌స్పెక్టరు ఆవిడకు స్వయానా మరిది, పోయిన భర్తకు తమ్ముడు. మూడేళ్ల కిందట అతను లోపల వేయించిన ఒక అమాయకుణ్ని ఆవిడ కేసు తిరగదోడి బయటికి తెచ్చింది. అప్పటి నుంచి రెండిళ్లకూ రాకపోకలు లేవు. మర్యాదకు మిగిలింది ఆ "గారూ" ఒక్కటే, అదీ ఎత్తిపొడవడానికి.

వాళ్లున్నది విశ్వవిద్యాలయంలో ఒక మూడంతస్తుల భవనం నేలమాళిగ. యూదుల మీద ద్వేషం ఎక్కడ పుట్టింది, ఏ కాలంలో ఏ అబద్ధం తిని బలిసింది, దాన్ని ఎవరు అచ్చువేసి ఇంటింటికీ పంచారు అన్నదే ఆ భవనంలో చదువు. ఎనిమిది వందల ఏళ్ల విషం పై అంతస్తులో అట్టపెట్టెల్లో భద్రంగా ఉంది. చిరిగిన కాగితాలను బాగుచేసే బైండరు మాత్రం నిన్న సాయంత్రం నుంచి లాకప్పులో ఉన్నాడు. నాలుగు గంటలకు అతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు, అక్కణ్నుంచి నేరుగా జైలుకే. ఇప్పుడు టైము రెండుంపావు.

బైండరు అక్క బట్టల మిల్లు నుంచి సెలవు పెట్టి వచ్చి బయట మెట్ల మీద కూర్చుని ఉంది. "మా వాడికి కోపమొస్తే తిండి మానేస్తాడమ్మా, అంతే. వాడు జైలు తట్టుకోలేడు," అని ఆమె చేతులు పట్టుకుని చెప్పిన మాట సూదిమందు చెవుల్లో ఇంకా ఉంది.

"ఇంకోసారి చెప్పు, టైములతో సహా," అంది ఆవిడ.

"ఎన్నిసార్లు చెప్పాలి? ఒంటిగంట ఐదుకి ప్రొఫెసరు పైన పెట్టెల గదిలో ఒక్కతే ఉంది. లైబ్రేరియన్ చూసి భోజనానికెళ్లింది. ఒంటిగంట నలభైకి తిరిగొచ్చేసరికి గదికి బయట తాళం, లోపల ప్రొఫెసరు నేలమీద పడుంది. ఎవరో నెట్టారు, ఇనప అలమర అంచు తలకి తగిలింది, ఇప్పటికీ ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉంది. ముప్పై ఒకటో పెట్టె మాయం. పక్కనే బెదిరింపు ఉత్తరం. ఆ గదికి తాళంచెవులు రెండు. ఒకటి లైబ్రేరియన్‌ది. ఆవిడ క్యాంటీన్లో ఉందని పదిమంది చెప్పారు. రెండోది మీ బైండరుది. అతని సొరుగు తీస్తే నిండా యూదుల్ని తిట్టే కరపత్రాలు. ఇంకేం కావాలి?"

"అవి అతికించడమే కదయ్యా అతని ఉద్యోగం! నా ట్రేలో చీము దూది కనబడితే రోగం నాదేనంటావా?"

"ఈ కాగితాలన్నీ తగలబెట్టాలని మొన్న ప్రొఫెసరు మీద అరిచాడు. డిప్యూటీ డైరెక్టరు చెవులారా విన్నాడు."

"ఆవిడిచ్చిన జవాబు కూడా విన్నాడా? 'తగలబెడితే, ఇవెప్పుడూ లేవని బుకాయించేవాళ్లకి మనం సాయం చేసినట్టే. అతికించు,' అందట. అతను నోరు మూసుకుని జిగురు కలుపుకున్నాడట. వాళ్లక్క చెప్పింది."

"అక్కలు చెప్పేవి కోర్టులో చెల్లవు. వదినలు చెప్పేవి అసలే చెల్లవు."

ఆవిడ ప్రెస్సు పైపలక ఎత్తి, లోపల ఉన్న ఒక పాత కరపత్రాన్ని రెండు వేళ్లతో తీసి వెలుతురులో పెట్టింది. చిరుగు మీద పల్చటి కాగితం అతికించి ఉంది. ఒక్క ముడత లేదు. ప్రెస్సు పక్కన తడి పీల్చే అద్దుడు కాగితాలు మూడు ఒకదాని పక్కన ఒకటి ఆరేసి ఉన్నాయి. ఒక్కోదాని మూల పెన్సిలుతో టైము వేసి ఉంది. 1.10, 1.20, 1.30.

"తడి జిగురు పెట్టాక మొదటి అరగంటా పది నిమిషాలకోసారి అద్దుడు కాగితం మార్చాలి," అంది సూదిమందు. "పుండుకి కట్టు మార్చినట్టే. మార్చకపోతే అంటుకుపోతుంది."

"టైములదేముంది, ఎప్పుడైనా రాసుకోవచ్చు."

"రాసుకోవచ్చు. ఇప్పుడిది చూడు." ఆవిడ రెండో ప్రెస్సు తెరిచింది. అందులో కాగితం అద్దుడు కాగితానికి కరుచుకుపోయి, ఎండి, వంకర్లు తిరిగి ఉంది. లాగితే చిరిగేలా ఉంది. దాని మీద చీటీలో "పెట్టింది 1.30" అని ఉంది. "ఇది మార్చాల్సింది ఒంటిగంట నలభైకి. అప్పుడే కదా పైన కేకలు వేసి అతన్ని ఫోన్లో పిలిచారు? మళ్లీ ఈ గదికి రానిచ్చావా? లేదు. అతను దగ్గరున్న కాగితం బాగుంది. లేని కాగితం పాడైంది. టైములు రాయగలడు గానీ, ఎక్కడో ఉండి కాగితాన్ని చదునుగా ఆరబెట్టలేడు."

ఇన్‌స్పెక్టరు వంగి చీటీ మీది టైము చదివాడు. "మధ్యలో పది నిమిషాలు ఖాళీ ఉందిగా!"

"లిఫ్టు చెడిపోయి వారమైంది. ఎనభై నాలుగు మెట్లు. నాకే నాలుగు నిమిషాలు పట్టింది. అతనిది కుంటికాలు. ఎక్కి, మనిషిని నెట్టి, పెట్టె దాచి, దిగి, జిగురు చెయ్యి కడుక్కుని, మళ్లీ కాగితం మార్చి... ఎగిరొచ్చాడా?"

"కోర్టుకి అద్దుడు కాగితాలు చూపించండి, నవ్వుకుంటారు," అని అతను ఫైలు చంకలో పెట్టుకున్నాడు. "నాకైతే కేసు అయిపోయింది. పొద్దున్నే ఆస్పత్రి దగ్గర కానిస్టేబుల్ని కూడా తీసేశాను. దొంగ లోపలున్నాక బయట కాపలా ఎవరికి?"

ఆ మాట ఆవిడకు నచ్చలేదు. కానీ అప్పటికి గడియారం రెండున్నర చూపిస్తోంది, పైన ఇంకా ఇద్దర్ని అడగాల్సి ఉంది.

*

ఇన్‌స్పెక్టరు కూడా ఆవిడ వెనకే మెట్లెక్కి వచ్చాడు. పై అంతస్తులో చదువుకునే గది. దాని వెనక పెట్టెల గది. బల్ల దగ్గర లైబ్రేరియన్, కుర్చీకి అంటుకుపోయినట్టు కూర్చుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఇక్కడ కలం వాడకూడదు, దగ్గకూడదు, కాగితం మీద మోచెయ్యి ఆనించకూడదు అని ముప్పై ఏళ్లుగా అందరినీ గదమాయించిన గొంతు ఆవిడది.

"నేను చెప్పాల్సింది పోలీసులకి చెప్పేశాను. మీరెవరు అడగడానికి?"

"బైండరు వాళ్లక్క పంపిన మనిషిని. నిన్న క్యాంటీనుకి వెళ్తూ తాళంచెవి వెంట తీసుకెళ్లారా?"

"తీసుకెళ్లక?"

"ఎక్కడ పెట్టుకున్నారు?"

"సంచిలో."

"క్యాంటీన్లో మీరు సంచి లేకుండా వచ్చారని, డబ్బులు తర్వాత ఇస్తానన్నారని అక్కడమ్మాయి చెప్పింది."

లైబ్రేరియన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మీకు సిగ్గుందా, నా తిండి గురించి కూపీ లాగడానికి?"

"సిగ్గు ఆస్పత్రిలోనే వదిలేసి వచ్చానమ్మా. అక్కడ పనికిరాదు. తాళంచెవి ఎక్కడుంది?"

లైబ్రేరియన్ బల్ల మీది రబ్బరు ముద్రల డబ్బా వైపు చూసింది. చివరికి ఆ గదమాయించే గొంతు ఇంతై పోయింది. "ఈ ముద్రల డబ్బా కింద. రోజూ అక్కడే పెట్టి వెళ్తాను. రూలు ప్రకారం తప్పు. రెండు నెలల్లో రిటైరు అవుతున్నాను. ఇప్పుడు తెలిస్తే ఉత్త చేతుల్తో పంపుతారు."

"మీ రిటైర్మెంటు కోసం కుంటివాణ్ని జైలుకి పంపుతున్నారు. ఈ డబ్బా సంగతి ఎవరెవరికి తెలుసు?"

"ప్రొఫెసరు గారికి. డిప్యూటీ గారికి. బైండరుకి తెలీదు, అతని తాళంచెవి అతనికుంది."

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. సూదిమందు అతని వంక చూడనైనా చూడలేదు.

"ముప్పై ఒకటో పెట్టెలో ఏముంది?"

లైబ్రేరియన్ లేచి లోపలికి వెళ్లి, ఖాళీ అర నుంచి ఒక పచ్చ అట్టముక్క తెచ్చింది. పెట్టె ఎవరు తీసినా దాని స్థానంలో అట్టముక్క పెట్టి, ఎందుకు తీశారో రాయడం ఆ గది పద్ధతి. పోలీసులు పెట్టె పోయిందని రాసుకున్నారు గానీ, పోయిన చోట ఏముందో చూడలేదు. "ఆకాశరామన్న ఉత్తరాలు. ఎనభై ఏళ్ల కిందట ఈ ఊరు పరాయి సైన్యం చేతిలో ఉన్నప్పుడు, ఫలానా ఇంట్లో యూదులు దాక్కున్నారని పక్కింటివాళ్లే ఉప్పందిస్తూ రాసినవి. రాసినవాళ్లకి ఆ ఇల్లు దక్కేది. ఒకే మనిషి రాసిన పదకొండు ఉత్తరాలు ప్రొఫెసరు గారు పట్టుకున్నారు. రేపటి సభలో పేరు చెప్తానన్నారు. చెప్పే ముందు ఒకరితో మాట్లాడాలి, పాపం అతనికి కష్టంగా ఉంటుంది అన్నారు."

"ఎవరితో?"

"చెప్పలేదు. ఆవిడ అమ్మమ్మ వైపు వాళ్లంతా అలాంటి ఉత్తరాల వల్లే పోయారు. అయినా, రాసినవాడి మనవల మనసు నొచ్చుకుంటుందని ఆలోచించింది చూడండి!" అని లైబ్రేరియన్ కళ్లు ఒత్తుకుంది. సూదిమందుకు మొదటిసారి ఆవిడ మీద జాలి వేసింది.

అట్టముక్క మీద ప్రొఫెసరు పెన్సిలు రాత. "సభకు. 11 ఉత్తరాలు. ఇల్లు: 17, గడియారాల వీధి."

*

అప్పుడే డిప్యూటీ డైరెక్టరు వచ్చాడు. చక్కగా దువ్విన జుట్టు, మడత నలగని చొక్కా. అడగకుండానే విజిటింగ్ కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇన్‌స్పెక్టరు గారంతటి మనిషి తేల్చిన కేసులో మళ్లీ ప్రైవేటు విచారణ ఏమిటండీ? మాకు రేపు సభ ఉంది."

"రెండు ముక్కలు అడిగి వెళ్లిపోతాను. నిన్న ఒంటిగంట ఐదు నుంచి నలభై దాకా మీరెక్కడున్నారు?"

"నా గదిలో. ఒక్కణ్నే. చదువుకునేవాడికి సాక్షులుండరు మేడమ్."

సూదిమందు గోడ వైపు తిరిగింది. అక్కడ విద్యార్థుల కోసం ప్రొఫెసరు రాయించిన పెద్ద చార్టు వేలాడుతోంది. యూదుల మీద వేసిన నిందలు, ఏది ఎప్పుడు పుట్టిందో వరసగా. పిల్లల్ని చంపి నెత్తురు వాడతారన్నది మొదటిది. చర్చిలో పూజ రొట్టెను పొడిచారన్నది రెండు. ఊరి బావుల్లో విషం కలిపారన్నది మూడు. వాళ్ల జాతే వేరన్నది నాలుగు. లోకాన్ని ఏలడానికి రహస్యంగా సభ కూడారన్నది ఐదు. అసలు వాళ్ల మారణహోమమే జరగలేదన్న బుకాయింపు ఆరు.

"చదువురాని దాన్ని, చెప్పండి," అంది ఆవిడ, తుడిచే దూది అంత మెత్తగా. "ఇవన్నీ పుట్టిన వరసలోనే ఉన్నాయా?"

"ఉన్నాయని ఆవిడ అంటుంది." డిప్యూటీ పెదవి విరిచాడు. "పాత పాఠం. రొట్టె కథ కంటే బావుల కథే ముందు పుట్టింది. రాతలో తర్వాత దొరికినంత మాత్రాన అంతకుముందే జనం నోట్లో లేదంటారా? నాలుగేళ్లుగా చెప్తున్నాను. రుజువేదీ, రుజువేదీ అని నా పుస్తకం ఆపింది. మహా పండితురాలు!"

అంత కసిగా అన్నాక నాలుక కరుచుకున్నాడు. "పాపం, త్వరగా కోలుకోవాలి," అని తగిలించాడు.

ఇన్‌స్పెక్టరు ఫోన్ మోగింది. రెండు ముక్కలు విని అతను చిరునవ్వుతో డిప్యూటీ భుజం తట్టాడు. "శుభవార్త సార్! మీ ప్రొఫెసరుకి తెలివొచ్చిందట. కళ్లు తెరిచింది. మాట ఇంకా రాలేదట గానీ, సాయంత్రానికి వస్తుందంటున్నారు."

"అబ్బ, ఎంత చల్లని మాట!" డిప్యూటీ వాచీ చూసుకున్నాడు. "మూడు కావొస్తోంది, క్లాసుంది. ఇన్‌స్పెక్టరు గారూ, ఒక్క నిమిషం." ఇద్దరూ గుమ్మం దగ్గర ఏదో గుసగుసలాడుకున్నారు. తర్వాత అతని బూట్ల చప్పుడు మెట్ల మీద దిగిపోయింది. క్లాసుకి వెళ్లే మనిషికి అంత తొందర ఏమిటా అని సూదిమందు అనుకుంది.

*

"ఉత్తరం తియ్యి," అంది ఆవిడ.

"ఏ ఉత్తరం?"

"ప్రొఫెసరు పక్కన దొరికింది. కాపీ నీ ఫైల్లో ఉంది. తిట్లు చదవక్కర్లేదు, అవి ఇక్కడ చాలానే ఉన్నాయి. ఏ నింద తర్వాత ఏ నింద రాశాడో అది చెప్పు."

అతను విసుక్కుంటూ తీశాడు. కంప్యూటరులో కొట్టిన ఒక పేజీ. ఆ రోతను ఇక్కడ తిరగరాయడానికి చెయ్యి రాదు.

"పిల్లల నెత్తురు. తర్వాత బావుల్లో విషం. తర్వాత రొట్టె. తర్వాత జాతి, రహస్య సభ. చివర్న మారణహోమం జరగలేదని. అయితే?"

"గోడ చూడు."

ఇన్‌స్పెక్టరు చూశాడు. అతని ముఖం వెలిగింది. "ఇంకేం? బైండరు ఈ చార్టు చూసే రాశాడన్నమాట! నా కేసుకి ఇంకో మేకు కొట్టారు వదినగారూ, థాంక్స్."

"ఒరే, కోపంతో తిట్టేవాడు ఎవడైనా తారీఖుల వరసలో తిడతాడా? నువ్వు నన్ను తిట్టేటప్పుడు మా పెళ్లినాటి నుంచి మొదలుపెట్టి సంవత్సరాల వారీగా తిడతావా? నోటికేదొస్తే అది అంటావు. నిజంగా ద్వేషం ఉన్నవాడికి శతాబ్దాలతో పనేముంది? ఇది రాసినవాడికి ద్వేషం నటించడం వచ్చు, వరస తప్పడం రాదు. ఏళ్ల తరబడి ఇదే పాఠం చెప్పి చెప్పి చేతికి అలా అలవాటైపోయింది."

"చార్టు చూసి రాసినా అలాగే వస్తుందిగా!"

"చార్టు చూసి రాస్తే రొట్టె రెండోది అవ్వాలి. ఉత్తరంలో రెండోది బావి."

బల్ల దగ్గర లైబ్రేరియన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "బావులు ముందని ఈ భవనంలో వాదించేది ఆయనొక్కడే," అంది మెల్లగా. "నాలుగేళ్లుగా ఇద్దరికీ అదే కొట్లాట."

"దొంగ ఉత్తరంలో కూడా ఆవిడ వరస రాయడానికి అతనికి మనసొప్పలేదు," అంది సూదిమందు. "ఒక్కచోట రాజీపడి ఉంటే మనం పట్టుకోలేకపోయేవాళ్లం. పండితుడు కదా, పడలేకపోయాడు."

"ఒక పుస్తకం ఆపిందని మనిషిని చంపబోతాడా?" ఇన్‌స్పెక్టరు గొంతులో ఇందాకటి జోరు లేదు.

ఆవిడ తన చేతిలోని విజిటింగ్ కార్డు తిప్పి, పచ్చ అట్టముక్క పక్కన పెట్టింది. కార్డు వెనక ఇంటి చిరునామా సన్నటి అక్షరాల్లో ఉంది. 17, గడియారాల వీధి.

"తాతగారి నాటి ఇల్లట, ఎప్పుడూ గొప్పగా చెప్పుకుంటాడు," అంది లైబ్రేరియన్.

"తాతగారికి ఎలా వచ్చిందో ఆ పదకొండు ఉత్తరాల్లో ఉంది. ముందుగా చెప్పాలని ప్రొఫెసరు అనుకున్నది ఇతనికే. పాపం, కష్టంగా ఉంటుందని దయ తలచి పైకి పిలిచి చెప్పింది." సూదిమందు లైబ్రేరియన్ వైపు తిరిగింది. "అమ్మా, ఇవాళ ఇతనికి ఏ గంటకి క్లాసు?"

"ఇవాళా? రేపటి సభ కోసం ఇవాళ క్లాసులన్నీ రద్దు చేశారుగా."

సూదిమందు అప్పటికే ఫోన్ తీసింది. ఆస్పత్రిలో ప్రొఫెసరున్న వార్డు నర్సు ఒకప్పుడు ఆవిడ దగ్గర పని నేర్చుకున్న పిల్లే. టైము మూడుంపావు. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి ఎత్తారు.

"అక్కా! ఎన్నాళ్లకి! ఆ ప్రొఫెసరు గారి గురించేనా? కళ్లు తెరిచారు!"

"గదిలోకి ఎవరినీ పంపకు. విన్నావా? ఎవర్నీ!"

"అయ్యో, ఇప్పుడే ఒకాయన వెళ్లారక్కా. నేను వద్దనే అన్నాను. కానీ పోలీసుల చీటీ చూపించారు. ఇన్‌స్పెక్టరు గారి సంతకం, స్టాంపు అన్నీ ఉన్నాయి."

ఫోన్ స్పీకరులో ఉంది. ఇన్‌స్పెక్టరు చేతిలోంచి ఫైలు జారి కిందపడింది. ఇందాక గుమ్మం దగ్గర గుసగుసలు దేనికో ఇప్పుడు అర్థమైంది.

"నేనే ఇచ్చాను," అన్నాడు అతను. పెదాలు పాలిపోయాయి. "చూసొస్తానంటే నేనే రాసిచ్చాను. వదినా, కాపలా కూడా నేనే తీసేశాను."

మూడేళ్లలో మొదటిసారి "గారూ" లేదు. ఆవిడ దాన్ని గమనించలేదు, మెట్ల వైపు పరుగెడుతోంది.

"వెళ్లి తలుపు తియ్యి తల్లీ! కేకలెయ్యి, అందర్నీ పిలువు, తలుపు తియ్యి!"

ఫోన్లో చెప్పుల చప్పుడు, ఎవరో తలుపు తోస్తున్న చప్పుడు. తర్వాత ఆ పిల్ల గొంతు, ఏడుపులోకి దిగుతూ.

"తలుపు రావట్లేదక్కా. లోపల్నుంచి గడియ పెట్టేసుకున్నాడు."